మాల్గుడి చూచి వచ్చాము



ఈ పత్రికలో చాలామంది తమ ప్రయాణాల గురించి వ్రాశారు. కొందరు పరిశుద్ధ దేశం చూచి వచ్చారు. కొందరు మెదకు దేవాలయం, దోర్నకలు దేవాలయం చూచి వచ్చారు. మేము వ్రాయబోయేది ఒక టీవీ సీరియల్ తీసిన ఊరి గురించి. సంఘ పత్రికలో ఇదేమిటని అనుకోవద్దు. చివరివరకు చదివితే ఎందుకు వ్రాశామో మీకే తెలుస్తుంది.

మేము ముగ్గురం తోబుట్టువులం. పెద్దవాడు కడపలో, నడిమివాడు ప్రొద్దుటూరులో ఉంటారు. చెల్లెలి కాపురం మైదుకూరు దగ్గర పల్లెలో. మా నాయన మిషన్ బడిలో తెలుగు, బైబిలు పాఠాలు చెప్పి 1998లో రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు 84 ఏండ్లు. అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది.

1986లో దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ మొదలైనప్పుడు మా ఊరిలో పాస్టరుగారి ఇంట్లో ఒక్కటే టీవీ, అది కూడా నలుపు తెలుపుది. సీరియల్ వచ్చే రోజు సాయంత్రం ఆ ఇంటి వరండా నిండిపోయేది. మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పడం మా పెద్దవాడి పని. “వచ్చిందా?” అని పైనుంచి వాడు, “ఇంకొంచెం తిప్పురా, బొమ్మ దుముకుతాంది” అని కిందినుంచి మేము. మాటలన్నీ హిందీ. మా ఊరిలో హిందీ తెలిసినవాడు ఒక్కడూ లేడు. అయినా పరీక్షలంటే భయపడే స్వామి, నాయన అడుగుల చప్పుడు వింటే పుస్తకం తెరిచే స్వామి, రాత్రి అవ్వ పక్కన చేరి కబుర్లు చెప్పే స్వామి, వీడు ఏ భాషలో మాట్లాడితేనేం? మా వరండాలో కూర్చున్న పిల్లలందరూ స్వాములే. అందరికంటే గట్టిగా నవ్వేది మా నాయన. బడిలో ఆయన బెత్తం చూస్తే వణికిపోయే పిల్లలు, ఆయన నవ్వేది చూచి ఆశ్చర్యపోయేవారు.

ఆ సీరియల్‌ను తీసినవాడు శంకర్ నాగ్. కథలు ఆర్.కె. నారాయణ్‌వి. కథకు ముందు వచ్చే బొమ్మలు ఆయన తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ గీసినవి. సంగీతం ఎల్. వైద్యనాథన్. స్వామిగా మాస్టర్ మంజునాథ్, స్వామి తండ్రిగా గిరీష్ కర్నాడ్ నటించారు. మాల్గుడి అనే ఊరు ఏ పటంలోనూ లేదు. నారాయణ్ గారు తన మనస్సులో కట్టుకొన్న ఊరు అది. 1935లో అచ్చయిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ అనే మొదటి నవలలోనే ఆ ఊరిని కట్టారు. పటంలో లేని ఆ ఊరిని కెమెరాలో చూపడానికి శంకర్ నాగ్ కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో ఆగుంబె అనే పల్లెను ఎంచుకొన్నాడు.

1991లో మా పెద్దవాడు కడపలో కాలేజీ చదువుతూ పాత పుస్తకాల అంగట్లో ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ కొని తెచ్చాడు. సంతోషంగా నాయన చేతిలో పెట్టాడు. నాయన అరుగు మీద కూర్చొని చదవడం మొదలుపెట్టారు. మొదటి అధ్యాయం పూర్తి కాగానే పుస్తకం మూసి ట్రంకుపెట్టె మీద పెట్టారు. ఆ రాత్రి సంగటి ముట్టలేదు.

తర్వాత మేము చదివితే సంగతి కొంత తెలిసింది. స్వామి చదివేది ఒక మిషన్ బడి. అక్కడ బైబిలు పాఠం చెప్పే ఎబెనెజరు అనే అయ్యవారు ఉంటాడు. పాఠం చెప్పే ఉద్రేకంలో ఇతరుల దేవుళ్ళను నోటికొచ్చినట్లు మాట్లాడుతాడు. స్వామి ఉండబట్టలేక ఎదురు ప్రశ్న వేస్తాడు. అయ్యవారు చెవి మెలిపెడతాడు. మరునాడు స్వామి తండ్రి హెడ్మాస్టరుకు జాబు వ్రాస్తాడు.

“మనోళ్ళను ఎగతాళి చేసినాడనా నాయనా నీ కోపం?” అని అడిగాము.

“కాదులే” అన్నారు. అంతే. ఆ పుస్తకం మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

ముప్పై ఏండ్లకు పైగా గడిచాయి. మా మేనమామ మనుమరాలు నర్సు చదివి ఐర్లండు దేశంలో పని చేస్తూంది. పోయిన సంవత్సరం ఆ పాప ఒక పల్లెలోని ఇంటి ఫోటోలు పంపింది. పచ్చిక బయలు నడుమ ఒంటరిగా ఉన్న బూడిదరంగు రాతి ఇల్లు. అక్కడ ‘ఫాదర్ టెడ్’ అని ఒక హాస్య సీరియల్ ఉందట. 1995 నుండి 1998 వరకు బ్రిటన్‌లోని ఛానల్ 4లో వచ్చింది. క్రాగీ ఐలండ్ అనే లేని ద్వీపంలో ముగ్గురు కాథలిక్కు ఫాదర్ల కథ. ఒకరు అతి తెలివి, ఒకరు అమాయకుడు, ఒకరు తాగుబోతు ముసలాయన. ఆ ముగ్గురి ఇల్లుగా చూపినది క్లేర్ జిల్లాలోని ఒక రైతు ఇల్లు. సీరియల్ అభిమానులు ఎక్కడెక్కడినుండో వచ్చి ఆ ఇల్లు చూచి, ఆ ఇంటివారు ఇచ్చే టీ తాగి పోతారట. ముఖ్య పాత్ర వేసిన డెర్మట్ మోర్గన్ అనే నటుడు చివరి భాగం చిత్రీకరణ ముగిసిన మరునాడే, 1998 ఫిబ్రవరి 28న, గుండె ఆగి చనిపోయాడు. వింతగా, మన శంకర్ నాగ్ కూడా అంతే. 1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి 35 ఏండ్లు.

ఫోటోలు నాయనకు చూపించాము. ఫాదర్లను చూచి నవ్వుకోవడం ఆయనకు నచ్చదేమో అనుకొన్నాము. ఆయన చాలాసేపు చూచి, “నవ్వినందుకు దేవుడు కోప్పడడులే. శారా నవ్వలేదా? కొడుక్కు నవ్వు అనే పేరే పెట్టుకునిరి” అన్నారు. కొంతసేపటికి, “మన స్వామి ఊరు యాడుందో కనుక్కోండ్రా. నేను కండ్లు మూసేలోగా ఒకసారి పోదాం” అన్నారు.

మా పిల్లలు నవ్వారు. “జేజినాయనా, షూటింగు జాగాలు చూడల్లంటే అంత దూరం దేనికి? గండికోట లేదా? కర్నూలు కొండారెడ్డి బురుజు లేదా? బనగానపల్లె నవాబు బంగళా లేదా?” అన్నారు. నిజమే. 2009లో ‘అరుంధతి’ సినిమా వచ్చినప్పటినుండి ఆ బంగళాను జనం అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. కాని నాయన చూడాలన్నది కోట కాదని అప్పుడు మాకు తెలియదు.

అక్టోబరు నెలలో ప్రయాణ క్షేమం కొరకు ప్రార్థన చేసుకొని బయలుదేరాము. కడపనుండి బస్సులో బెంగుళూరు, అక్కడినుండి రైల్లో శివమొగ్గ. అక్కడ ఒక కారు మాట్లాడుకొని మొదట అరసాళు స్టేషన్‌కు పోయాము. సీరియల్‌లో మాల్గుడి స్టేషన్ అదే. ఆ రోజుల్లో అది మీటరు గేజి దారి. ఇప్పుడు పెద్ద లైను పడింది. పాత స్టేషన్ కట్టడాన్ని పాడు కానివ్వకుండా రైల్వేవారు బాగుచేసి మాల్గుడి మ్యూజియం అని పేరు పెట్టారు. గోడలమీద స్వామి బొమ్మలు, నారాయణ్ గారి బొమ్మలు. కన్నడ బోర్డులను నాయన మెల్లగా కూడబలుక్కొని చదివారు. మన లిపికి, వారి లిపికి ఉన్న చుట్టరికం అటువంటిది. తలకట్టు తేడా తప్ప సగం అక్షరాలు మనవే.

అక్కడినుండి తీర్థహళ్ళి మీదుగా ఆగుంబెకు దారి. రెండు పక్కల వక్క తోటలు. తీర్థహళ్ళిలో తుంగ నది కనిపించగానే నాయన కారు ఆపమన్నారు. రాళ్ళమీద పరవళ్ళు తొక్కుతూ పోతున్న నీళ్ళను చూస్తూ నిలబడ్డారు. ఈ తుంగ ముందుకు పోయి భద్రలో కలసి తుంగభద్ర అవుతుంది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర మన కర్నూలు-కడప కాలువలోకి మళ్ళుతుంది. ఇక్కడి వాననీళ్ళతోనే మైదుకూరు పక్క వరి పండుతుంది. “మన సేనుకు వచ్చే నీళ్ళు యాడ పుట్టేదీ ఎనభై నాలుగేండ్లకు చూస్తిని” అన్నారు. ఆ నీళ్ళు ముఖానికి తడుపుకొని కారెక్కారు.

ఆగుంబె చేరేసరికి తుంపర పడుతూంది. కడపలో సంవత్సరమంతా కలిపి 700 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆగుంబెలో 7000 మిల్లీమీటర్లకు పైన పడుతుంది. అంటే మనకు పదేండ్లలో పడేది వారికి ఒక్క ఏట పడుతుంది! అందుకే అక్కడి ఇండ్లకు మనలాగా బండలు పరచిన మిద్దెలు లేవు. అన్నీ నిలువుగా వాలిన పెంకుటిండ్లు. రాతి గోడలమీద నాచు. చుట్టూ అడవి. నల్లత్రాచుకు పేరుబడ్డ చోటు అది. పాములను పరిశోధించే రోములస్ విటేకర్ గారు 2005లో అక్కడ ఒక పరిశోధనా కేంద్రం పెట్టారు. మా చెల్లెలిని పాములేమీ చేయలేదు గాని, జలగలు వదలలేదు. ఉప్పు పొట్లం చేతపట్టుకొని నడిచింది పాపం.

ఊరు చిన్నది. ఒకటే వీధి. ఆ వీధి చివరను చూచి మా నడిమివాడు, “అదో, స్వామి పరుగెత్తిండేది ఇక్కడే” అని చిన్నపిల్లవాడిలాగా కేక వేశాడు. నోటితో ఆ సీరియల్ పాట ఊదాడు. అంగట్లో కూర్చున్న పెద్దాయన చిరునవ్వు నవ్వాడు. వచ్చినవారందరూ అదే పాట పాడుతారేమో!

అక్కడ దొడ్డమనె అని ఒక పెద్ద ఇల్లు ఉంది. నూరేండ్లు దాటిన ఇల్లు. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ నగిషీ చెక్కిన నల్లటి కొయ్య స్తంభాలు. సీరియల్ ఈ ఇంట్లోనే చాలా భాగం తీశారు. వచ్చిన యాత్రికులకు ఆ ఇంటివారు భోజనం పెట్టి, పడుకోవడానికి చోటిస్తారని ముందే విన్నాము. మేము లోపలికి పోయి ఆ వాకిట్లో నిలబడ్డాము. మాకు వెంటనే తెలిసిపోయింది. ఆ స్తంభం, ఆ మెట్టు, అవ్వ కూర్చొనే మూల.

నాయన మాత్రం గడప దగ్గరే ఆగిపోయారు. చెప్పులు విడిచి, లోపలికి రాకుండా, అరుగు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఇంటిలోనివారు వచ్చి, “ఊట ఆయ్తా?” అని అడిగారు. భోజనమైందా అని. చేయి పట్టుకొని లోపలికి తీసుకొనిపోయి కూర్చోబెట్టారు. వేడి వేడి కషాయం ఇచ్చారు. తర్వాత అన్నం, సారు, పల్యం, మజ్జిగ. మాదే కులమో వారు అడగలేదు. వారిదే కులమో మేము అడగలేదు. నాయన తల వంచుకొని అన్నం తింటూ ఉంటే కండ్లనుండి నీళ్ళు విస్తరిలో పడ్డాయి.

ఆ రాత్రి వాన పెద్దదైంది. పెంకులమీద వాన చప్పుడు వింటూ అందరం పడుకొన్నాము. చీకట్లో నాయన మాట్లాడసాగారు. ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాయడానికి ఆయన అనుమతి తీసుకొన్నాము.

1979లో ఆయన ఏడవ తరగతికి బైబిలు పాఠం చెబుతున్నారు. ఒక రైతు బిడ్డ పుష్పగిరి తిరుణాలకు పోయి వచ్చి, నుదుట విబూది పెట్టుకొని బడికి వచ్చాడు. అయ్యవారంటే ప్రేమతో కాగితంలో ప్రసాదం తెచ్చి బల్లమీద పెట్టాడు. నాయన దాన్ని కిటికీలోనుండి పారవేశారు. ఆ బిడ్డ దేవుని గురించి ఒక మాట అన్నారు. తరగతి అంతా నవ్వింది. వాడు లేచి, “సార్, మీ దేవున్ని నేనేమన్నా అంటినా?” అన్నాడు. నాయన వాని చెవి రక్తం కనిపించేటట్లు మెలిపెట్టారు.

మరునాడు వాని తండ్రి వచ్చాడు. చదువు రానివాడు. జాబు వ్రాయలేడు. హెడ్మాస్టరు దగ్గరికి కూడా పోలేదు. తరగతి వాకిలి దగ్గర తలగుడ్డ తీసి నిలబడి, “సార్, మా పిల్లోనికి నాలుగు అచ్చరాలు చెప్పండి. మా దేవున్ని మాకిడ్సిపెట్టండి” అని దండం పెట్టి పోయాడు.

“ఆ పుస్తకంలో స్వామి నాయన రాసిన జాబు చదివినప్పుడు నాకొచ్చిన జాబే అనిపిచ్చె. ఆయన రాయలేక పోయింది ఇంగొకాయన రాసినాడు” అన్నారు నాయన.

కొంతసేపు వాన చప్పుడే వినబడింది. మళ్ళీ ఆయనే అన్నారు. “మా నాయన, అంటే మీ జేజినాయన, ఊర్లో రెడ్ల ఇంటి ముందర ఎండలో నిలబడి కూలి తీసుకునేవాడు. అరుగు మీద చెయ్యి పెట్టనీయల్యా. మిషనోళ్ళు వచ్చి మనల్ని మనుషులని చెప్పినారు, బడిలో కుచ్చోబెట్టినారు. నేను ఆ బడిలోనే అయ్యవారైతిని. కుర్చీ దొరికినాక నేనేం చేస్తి? అరుగు మీదికి రానీయనోళ్ళ మీద కోపం ఆ పసిపిల్లోని చెవి మీద తీర్చుకుంటి. దానికి సువార్త అని పేరు పెట్టుకుంటి.”

మేము ఏమీ మాట్లాడలేకపోయాము. మా నాయన గడప దగ్గర ఎందుకు ఆగిపోయారో, విస్తరి ముందు ఎందుకు ఏడ్చారో అప్పుడు తెలిసింది.

ప్రియులారా, నారాయణ్ గారు కూడా మద్రాసులో లూథరన్ మిషన్ బడిలో చదువుకొన్న పిల్లవాడే. తన తరగతిలో అయ్యవారు ఇతర దేవుళ్ళను ఎలా ఎగతాళి చేసేవాడో 1974లో ‘మై డేస్’ అనే తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పుకొన్నారు. ఆ పిల్లవాడు పెద్దవాడై మనమీద పగ తీర్చుకోలేదు. మనల్ని చూపి కొంచెం నవ్వాడు, అంతే. నవ్వుతూ చూపిన అద్దంలో మన ముఖం మనకు కనిపిస్తే, అద్దంమీద కోపం తెచ్చుకొని ఏమి లాభం?

మిషనులు మనకు చేసిన మేలు మరచి ఈ మాట వ్రాయడం లేదు. లండన్ మిషన్‌వారు 1820లలోనే కడపకు వచ్చారు. జమ్మలమడుగు ఆసుపత్రిలో ప్రాణం నిలుపుకొన్న కుటుంబాలు మన చుట్టూ ఎన్నో. అదే కడపలో అదే కాలంలో సి.పి. బ్రౌన్ దొర ఉన్నాడు. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో క్రైస్తవ బోధకుడు. బోధకుని కొడుకై ఉండి కూడా వేమన పద్యాలను వెదకి సేకరించి 1829లో అచ్చు వేయించాడు. ఇతరుల ఇంటిలోని మంచిని గౌరవించినంత మాత్రాన మన విశ్వాసం తరిగిపోదని ఆయనను చూచి నేర్చుకోవచ్చు. మా నాయన తెలుగు తరగతిలో వేమనను ఎంత బాగా చెప్పేవారో! బైబిలు తరగతిలోకి పోగానే మరొక మనిషి అయ్యేవారు.

ఉదయం బయలుదేరేటప్పుడు ఇంటివారికి ఎంత ఇవ్వాలని అడిగాము. ఇంత అని చెప్పలేదు. మాకు తోచినది ఇచ్చి, అంగట్లో రెండు కషాయం పొడి పొట్లాలు కొన్నాము. “మూడోది కూడా తీస్కో. ఒకాయనకు ఇయ్యల్ల” అన్నారు నాయన.

ఇంటికి చేరిన వారానికి ఆ శిష్యుని ఆచూకీ దొరికింది. మన జిల్లాలోనే ఒక ఊరిలో ఎరువుల అంగడి పెట్టుకొన్నాడు. తల నెరసిపోయింది. మనుమలున్నారు. నాయన కర్ర పట్టుకొని అంగడి మెట్లెక్కారు. అతను గుర్తుపట్టి కుర్చీలోనుండి లేచాడు. “సార్! మీరా! మీరెందుకొచ్చిరి, చెప్పి పంపితే నేనే వస్తును కదా” అని కాళ్ళకు వంగబోయాడు. నాయన ఆపి, రెండు చేతులు జోడించి, “1979లో నీ దేవుని పేరు చెప్పి నిన్ను అవమానం చేస్తి నాయనా. చెవి మెలిపెడితి. తప్పు చేస్తి. నన్ను చమించు” అన్నారు.

అంగట్లో ఉన్న రైతులు అలాగే చూస్తూ ఉండిపోయారు. అతను కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత కుడి చెవి పట్టుకొని చూపి, “చెవి బాగానే ఉంది సార్. మా ఆడది ఏం చెప్పినా దీంతోనే వింటాండా” అన్నాడు. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వారు. పాస్టరుగారి వరండాలో నవ్వినట్లే నవ్వారు.

ఆ నవ్వు ఆగిన తర్వాత అతను మెల్లగా అన్నాడు: “మా నాయన బతికింటే బాగుండు సార్. ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం తినల్యా.”

నాయన ఆ మాటకు జవాబు చెప్పలేకపోయారు. చెప్పగలిగే జవాబు కూడా లేదు. కషాయం పొట్లం అతని చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకొని చాలాసేపు కూర్చున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో, “పదేండ్లు ముందు పోయింటే ఆయప్ప ఉండునేమో” అని ఒక్క మాట అన్నారు.

బలిపీఠము దగ్గర కానుక అర్పించబోయే మనిషి, తనమీద ఎవరికైనా బాధ ఉన్నదని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే విడిచి మొదట పోయి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పారు. మొదట అని చెప్పారు. తీరిక దొరికినప్పుడు అని చెప్పలేదు. మా నాయన ముప్పై ఏండ్లకు పైగా ప్రతి ఆదివారం కానుక వేశారు. ఆ ‘మొదట’ అనే మాట ప్రతి ఆదివారం తనను గుచ్చిందని ఇప్పుడు చెబుతున్నారు.

చదువుతున్న మీకు కూడా అటువంటి జాబు ఏదైనా వచ్చి ఉండవచ్చు. అది వాక్యములోనుండి రావచ్చు, బిడ్డ నోటినుండి రావచ్చు, టీవీలో నవ్వులోనుండి కూడా రావచ్చు. మీరు పోవలసిన ఊరు ఆగుంబె అంత దూరం కాకపోవచ్చు. పక్క వీధిలోనే ఉండవచ్చు. ఆ ఇంటి పెద్ద ఇంకా బ్రతికి ఉండగానే పోయి రండి. అందుకు ప్రభువు మనకందరికి కృప అనుగ్రహించును గాక. ఆమేన్.